విక్టోరియా కాలపు చిత్రకళలో పిల్లల ఆటలు

విక్టోరియా రాణి ఏలిన కాలంలో (1837–1901) బ్రిటన్‌లో నిత్యజీవిత దృశ్యాల చిత్రాలకు అంతకు ముందెన్నడూ లేనంత గిరాకీ ఉండేది. వంటిల్లు, బడి, సంత, రైల్వే స్టేషను, సముద్రతీరం అన్నీ కాన్వాసు మీదికి ఎక్కాయి. వాటిలో పిల్లల ఆటలది ఒక పెద్ద శాఖ. బొమ్మ పడవ నడపడం, బంతి తన్నడం, గేటు మీద ఊగడం, సబ్బు బుడగలు ఊదడం, డాక్టరాట, సిపాయిలాట, ఇలా గీయకుండా వదిలిన ఆట దాదాపు లేదు. థామస్ వెబ్‌స్టర్, ఫ్రెడరిక్ డానియల్ హార్డీ, విలియం మల్‌రెడీ, విలియం కాలిన్స్, జాన్ ఎవరెట్ మిలే ఈ శాఖలో ముఖ్యులు.

ఇవి పిల్లల కోసం వేసినవి కావు. గీసింది పెద్దలు, కొన్నది పెద్దలు, రాయల్ అకాడమీ గోడల మీద చూసి మురిసిపోయిందీ పెద్దలే. అందుకే వీటిలో ఆట ఎంత ముఖ్యమో, ఆ ఆటను చూస్తున్నవాళ్లూ అంతే ముఖ్యం. చాలా చిత్రాల్లో ఆ చూపరి ఫ్రేములోనే ఎక్కడో ఉంటాడు. గుమ్మంలో అమ్మ కావచ్చు, కుర్చీలో జబ్బుపడ్డ పిల్ల కావచ్చు, ఒక్కోసారి ఉత్త నీడ కావచ్చు.

పూర్వరంగం

పిల్లల ఆటలను చిత్రానికి ప్రధాన వస్తువు చేసిన ఘనత మొదట నెదర్లాండ్స్ ప్రాంతానిదే. పీటర్ బ్రూగెల్ 1560లో గీసిన 'పిల్లల ఆటలు' ఇప్పుడు వియన్నాలో ఉంది. ఒకే పటంలో 200కు పైగా పిల్లలు, 80 దాకా ఆటలు. పదిహేడో శతాబ్దపు డచ్చి చిత్రకారులు ఈ సందడిని వీధిలోంచి ఇంట్లోకి తెచ్చి, కిటికీ వెలుతురులో చిన్న చిన్న పలకల మీద గీశారు. ఆ డచ్చి పటాలను ఇంగ్లీషు ధనికులు ఇష్టపడి సేకరించారు. ఇంగ్లీషు చిత్రకారులు వాటిని చూసే పని నేర్చుకున్నారు.

బ్రిటన్‌లో దారి వేసినవాడు స్కాట్లండ్ చిత్రకారుడు డేవిడ్ విల్కీ. ఆయన 1812 నాటి కళ్లగంతల చిత్రం, 'బ్లైండ్‌మాన్స్ బఫ్', రాజప్రతినిధిగా ఉన్న యువరాజు అడిగి వేయించుకున్నది. ఐర్లండ్‌లోని ఎన్నిస్‌లో పుట్టిన విలియం మల్‌రెడీ (1786–1863) మరో అడుగు వేసి బడిపిల్లల తగాదాలను పట్టుకున్నాడు. 1816 నాటి 'ది ఫైట్ ఇంటరప్టెడ్'లో ఇద్దరు కుర్రాళ్లు కొట్టుకుంటుంటే మాస్టారు వచ్చి పెద్దవాడి చెవి పట్టుకుంటాడు. 1820లో వచ్చిన 'ది వుల్ఫ్ అండ్ ది లాంబ్'లో జబర్దస్తీ చేసే బడి రౌడీ ఒకడు, బిక్కచచ్చిన బుద్ధిమంతుడు ఒకడు. దాన్ని నాలుగో జార్జ్ కొన్నాడు. 1834 నాటి 'గివింగ్ ఎ బైట్' ఇంకా సూక్ష్మమైనది. ఒక పిల్లవాడు తన ఆపిల్ పండును పెద్దవాడికి ఒక్క కాటు కొరకనిస్తాడు గాని పండును మాత్రం రెండు చేతులా బిగించి పట్టుకునే ఉంటాడు. ఎంత కొరుకుతాడో అన్న భయం వాడి మొహంలో కనిపిస్తుంది. మల్‌రెడీ దృష్టిలో పిల్లల లోకం అమాయకమైనది కాదు. బలవంతుడు, బలహీనుడు, బేరం, బెదిరింపు అన్నీ అక్కడే మొదలవుతాయి.

నవలా రచయిత విల్కీ కాలిన్స్ తండ్రి విలియం కాలిన్స్ (1788–1847) పల్లె పిల్లల వైపు మళ్లాడు. 1836 ప్రాంతపు 'హ్యాపీ యాజ్ ఎ కింగ్'లో పిల్లలు పొలం గేటు ఎక్కి ఊగుతుంటారు. దీని వెనక ఒక కథ ఉందని 1848లో వెలువడ్డ తండ్రి జీవిత చరిత్రలో విల్కీ కాలిన్స్ రాశాడు. నువ్వు రాజువైతే ఏం చేస్తావని అడిగితే, రోజంతా గేటు మీద ఊగుతూ కొవ్వు పట్టిన పంది మాంసం తింటానన్నాడట ఒక పల్లెటూరి కుర్రాడు.

ఇదే చిత్రకారుడి 'రస్టిక్ సివిలిటీ'లోనూ గేటు ఉంది కాని ఆట ఆగిపోయింది. పిల్లలు గేటు తెరిచి పట్టుకుని నిలబడ్డారు, ఒకడు నుదుటి జుట్టుకు చెయ్యి ఆనించి మర్యాద చేస్తున్నాడు. ఎవరికి? నేల మీద గుర్రపు రౌతు నీడ ఒక్కటే పడి ఉంది. రౌతు ఫ్రేముకు ఇవతల, సరిగ్గా మనం నిలబడ్డ చోట ఉన్నాడు. చిత్రం కొనగల ఆసామి దాని ముందు నిలబడగానే ఆ దండం తనకే చెందుతుంది. దీని తొలి రూపాన్ని 1832లో డెవన్‌షర్ డ్యూక్ కొన్నాడు.

వెబ్‌స్టర్ బడిపిల్లలు

ఈ శాఖకు పెద్ద దిక్కు థామస్ వెబ్‌స్టర్ (1800–1886). లండన్‌లోని పిమ్లికోలో పుట్టాడు. తండ్రి మూడో జార్జ్ పరివారంలో ఉద్యోగి. పిల్లవాడు చాపెల్ రాయల్ బృందంలో పాడేవాడు. సంగీతం వదిలి 1821లో రాయల్ అకాడమీ పాఠశాలలో చేరాడు. బడిపిల్లల మీద 1825లో 'రెబెల్స్ షూటింగ్ ఎ ప్రిజనర్' వేసి పేరు తెచ్చుకున్నాక ఆ దారి విడవలేదు. 1840లో అకాడమీ సహసభ్యుడు, 1846లో పూర్తి సభ్యుడు అయ్యాడు.

1839లో ప్రదర్శించిన 'ఫుట్‌బాల్'లో కుర్రాళ్ల గుంపు బంతి మీదికి, చూసేవాడి మీదికి కలిపి దూసుకొస్తుంది. జట్ల గుర్తులు లేవు, గోలు స్తంభాలు లేవు, రెఫరీ లేడు. ఫుట్‌బాల్ అసోసియేషన్ లండన్‌లో సమావేశమై నియమాలు రాసుకున్నది 1863లో. ఈ చిత్రం అంతకు 24 ఏళ్ల ముందుది. ఊరి బంతాట ఎలా ఉండేదో తెలుసుకోవాలనుకునే క్రీడా చరిత్రకారులు నేటికీ దీని దగ్గరికి వస్తారు.

1841లో వచ్చిన 'ది స్మైల్', 'ది ఫ్రౌన్' జంట చిత్రాలు. బెంచీ మీద వరసగా కూర్చున్న పిల్లలు మొదటిదానిలో పళ్లికిలిస్తారు, రెండోదానిలో ముడుచుకుపోతారు. మాస్టారు ఎక్కడా కనిపించడు, ఆయన మూడ్ అంతా పిల్లల మొహాల్లోనే చదువుకోవాలి. అదే ఏడాది వేసిన 'ది బాయ్ విత్ మెనీ ఫ్రెండ్స్'లో ఒక కుర్రాడికి ఇంటి నుంచి తినుబండారాల బుట్ట వచ్చింది. అంతవరకు లేని స్నేహితులు చుట్టూ మూగారు.

1843లో వెబ్‌స్టర్ రెండు చిన్న చిత్రాలు వేశాడు. 'కాంట్రరీ విండ్స్'లో పిల్లలు నీళ్ల తొట్టి చుట్టూ చేరి బొమ్మ పడవను ఊదుతున్నారు. తలా ఒక వైపు నుంచి ఊదుతుంటే పడవకు దారి ఎక్కడ? పక్కన పట్టించుకోని ముసలమ్మ. రెండోది 'సిక్‌నెస్ అండ్ హెల్త్'. పిడి తిప్పితే మోగే వీధి వాద్యానికి ఇద్దరు చిన్నపిల్లలు నాట్యం చేస్తున్నారు. దిండ్లకు ఆనుకుని కుర్చీలో ఉన్న జబ్బుపిల్ల వాళ్లను చూస్తోంది. నవ్వించే చిత్రకారుడిగా పేరున్న వెబ్‌స్టర్ ఇక్కడ ఆట పక్కన మరణభయాన్ని కూర్చోబెట్టాడు. పసిపిల్లల మరణాలు ఏ ఇంటికీ కొత్త కాని ఆ రోజుల్లో ఈ చిత్రాన్ని అర్థం చేసుకోవడానికి ఎవరి వివరణా అక్కర్లేకపోయింది.

ఈ రెండు చిత్రాలకు ముందటి ఏడు, 1842లో, బొగ్గు గనుల్లో పిల్లల పని మీద ప్రభుత్వ కమిషన్ నివేదిక బయటికొచ్చింది. చీకటి సొరంగాల్లో మోకాళ్ల మీద పాకుతూ బొగ్గు బండ్లు లాగుతున్న పిల్లల బొమ్మలను అందులో అచ్చువేశారు. దేశం నివ్వెరపోయింది. పదేళ్లలోపు మగపిల్లలను, ఆడవాళ్లనందరినీ గనుల్లోకి దింపకూడదని ఆ ఏడే చట్టం చేశారు. బట్టల మిల్లుల్లో తొమ్మిదేళ్లలోపు పిల్లలను పెట్టుకోరాదన్న చట్టం 1833లోనే వచ్చింది. అంటే తొమ్మిది నిండితే పెట్టుకోవచ్చు. బడికి వెళ్లడం తప్పనిసరి అయ్యేసరికి 1880 వచ్చింది. పొగ గొట్టాల నగరాల్లో డబ్బు సంపాదించినవాళ్ల గోడలకు పల్లె పిల్లల ఆటల చిత్రాలు ఎక్కింది ఈ కాలంలోనే.

క్రాన్‌బ్రూక్ బృందం

కెంట్ జిల్లాలోని క్రాన్‌బ్రూక్ ఒకప్పుడు ఉన్ని బట్టలకు పేరున్న ఊరు. 1850ల నాటికి ఆ వైభవం పోయి పాత కలప ఇళ్లు, విశాలమైన పొయ్యిగూళ్లు మిగిలాయి. సరిగ్గా అవే చిత్రకారులను రప్పించాయి. 1854లో ఫ్రెడరిక్ డానియల్ హార్డీ (1827–1911) అక్కడ స్థిరపడ్డాడు. 1857లో వెబ్‌స్టర్ వచ్చాడు. ఫ్రెడరిక్ అన్న జార్జ్ హార్డీ, డబ్లిన్‌లో పుట్టిన జార్జ్ బెర్నార్డ్ ఓనీల్, జాన్ కాల్కాట్ హార్స్‌లీ కూడా వాళ్లతో కలిశారు. 1843లో తొలి వాణిజ్య క్రిస్మస్ కార్డుకు బొమ్మ గీసినవాడు ఈ హార్స్‌లీయే. ఇది సిద్ధాంతాలు ప్రకటించిన ఉద్యమం కాదు. ఇరుగుపొరుగున ఉంటూ ఒకే రకం వస్తువును ఇష్టపడ్డ స్నేహితుల గుంపు.

వీళ్లలో ఆటను అందరికంటే నిశితంగా గమనించినవాడు ఫ్రెడరిక్ హార్డీ. విండ్సర్‌లో పుట్టాడు, తండ్రి రాజుగారి బ్యాండులో సంగీతకారుడు. తానూ మూడేళ్లు సంగీతం నేర్చి తర్వాత కుంచె పట్టాడు. ఇటుకల నేల, మసిబారిన దూలం, రాగి గిన్నె మీద మెరుపు, చీపురు పుల్లలతో సహా గీసే ఓపిక ఆయనది. ఆ గదిలోకి పిల్లలను వదిలిపెడతాడు.

ఆ పిల్లలు ఆడే ఆటలు దాదాపు అన్నీ పెద్దవాళ్ల పనులకు నకళ్లు. 1859లో ఫ్రాన్సు దండెత్తుతుందన్న భయంతో బ్రిటన్ అంతటా స్వచ్ఛంద సైనిక దళాలు లేచాయి. మరుసటి ఏడే హార్డీ 'ది వాలంటీర్స్' గీశాడు, పిల్లలు ఇంట్లోనే కవాతు మొదలుపెట్టారు. మద్రాసు ప్రెసిడెన్సీలోని కోటగిరిలో పుట్టి లండన్‌లో పెరిగిన ఆర్థర్ బాయిడ్ హౌటన్ (1836–1875) కూడా అదే పేరుతో లండన్ వీధి జనం మధ్య ఆ సందడిని చిత్రించాడు. ఫొటో స్టూడియోలు ఊరూరా వెలుస్తున్న 1862లో హార్డీ 'ది యంగ్ ఫొటోగ్రాఫర్స్' వచ్చింది, పిల్లలు ఫొటో తీసే ఆట ఆడుతున్నారు. ఏ పత్రిక ఏ వార్త వేసిందో, ఏ యంత్రం ఏ ఏడు సంతకు వచ్చిందో ఆయన పిల్లల ఆటల్లోనే తెలిసిపోతుంది.

1863 నాటి 'ప్లేయింగ్ ఎట్ డాక్టర్స్' ఆయన చిత్రాలన్నిటిలోకి ఎక్కువ పేరు పొందింది. పెద్దవాళ్ల బట్టలు తొడుక్కున్న కుర్రాడు డాక్టరు, గంభీరంగా రోగి నాడి చూస్తున్నాడు. కాంపౌండరు వేషంలో ఇంకొకడు రోట్లో మందు నూరుతున్నాడు. వైద్యుల పేర్లు నమోదు చేసే అధికారిక పట్టికను ఏర్పరిచిన చట్టం 1858లో వచ్చింది. అప్పుడప్పుడే హోదా పెరుగుతున్న వృత్తిని పిల్లలు ఎంత సులువుగా అనుకరిస్తున్నారో చూసి అకాడమీ సందర్శకులు నవ్వుకున్నారు. ఆ గంభీరమైన మొహంలో తమ కుటుంబ వైద్యుడినీ పోల్చుకుని ఉంటారు.

ఎవరు కొన్నారు

ఇలాంటి చిత్రాలకు పాత జమీందారీ కుటుంబాలకంటే కొత్త ధనికులు ఎక్కువ ఆదరణ ఇచ్చారు. పురాణ కథలు, లాటిన్ కావ్య ఘట్టాలు తెలియకపోయినా వీటిని ఆస్వాదించవచ్చు. లీడ్స్ బట్టల వ్యాపారి కుటుంబానికి చెందిన జాన్ షీప్‌షాంక్స్ తాను సేకరించిన 233 తైలవర్ణ చిత్రాలను 1857లో జాతికి ఇచ్చేశాడు. మల్‌రెడీ, వెబ్‌స్టర్, కాలిన్స్ చిత్రాలు అందులో బోలెడు. వాటి కోసం సౌత్ కెన్సింగ్టన్ మ్యూజియంలో గ్యాస్ దీపాలు పెట్టి, పగలంతా పనిచేసేవాళ్లు రాత్రి పూట వచ్చి చూసే ఏర్పాటు చేశారు. ఆ మ్యూజియమే నేటి విక్టోరియా అండ్ ఆల్బర్ట్ మ్యూజియం.

రాణిగారి అభిరుచీ ఇదే. విలియం పావెల్ ఫ్రిత్ 1854లో ప్రదర్శించిన 'రామ్స్‌గేట్ సాండ్స్'ను ఆమె 1,000 గినీలకు తీసుకుంది. 1846లో రైలు వచ్చాక లండన్ మధ్యతరగతి అంతా రామ్స్‌గేట్ తీరానికి కదిలింది. ఆ జనసమ్మర్దం మధ్యలో పాదాలు తడుపుకోవడానికి జంకుతున్న చిన్నపిల్ల ఒకతి ఉంది. చుట్టూ ఉన్న పెద్దలంతా నిండా బట్టలు కట్టుకుని పత్రికలు చదువుతూ, దుర్భిణీలు పట్టుకుని కూర్చున్నారు. నీళ్ల దగ్గరికి వచ్చినా నీళ్లను తాకుతున్నది పిల్లలే.

అసలు చిత్రం ఒకరి సొత్తే అయినా చెక్కుడు ముద్రల రూపంలో అది వేల ఇళ్లకు చేరేది. పేరున్న చిత్రానికి ముద్రణ హక్కులు విడిగా అమ్ముడయ్యేవి. బొమ్మ కింద కథ చెప్పే శీర్షిక లేకపోతే అచ్చుబొమ్మ కదలదు. చిత్రకారులు శీర్షికల మీద అంత శ్రద్ధ పెట్టింది అందుకే.

కిటికీకి ఇవతల, గోడకు అవతల

చిత్రాల్లో ఆట అందరికీ సమానంగా అందలేదు. మగపిల్లలకు పొలం, బడి ఆవరణ, మంచు జారుడు. ఆడపిల్లలకు ఎక్కువగా చిట్టి పాప, బొమ్మ టీ గిన్నెలు, లేదా తమ్ముణ్ణి ఎత్తుకోవడం. పారిస్‌లో పుట్టి ఇంగ్లండ్‌లో పేరు పొందిన సోఫీ ఆండర్సన్ 1856 ప్రాంతంలో వేసిన 'నో వాక్ టుడే'లో షికారుకు ముస్తాబైన చిన్నపిల్ల కిటికీ అద్దం వెనక నిలబడి వానను చూస్తోంది. చిత్రకారిణి బయట వానలో నిలబడి లోపలికి చూసినట్టు గీయడం ఇందులోని విశేషం.

గోడకు అవతలి పిల్లల సంగతి వేరు. హెన్రీ మేహ్యూ లండన్ పేదల మీద రాసిన పుస్తకంలో ఆకుకూర అమ్ముకునే ఎనిమిదేళ్ల పిల్లతో సంభాషణ ఉంది. ఆటల గురించి, పార్కుల గురించి ఆయన అడిగిన ప్రశ్నలు ఆ పిల్లకు అర్థమే కాలేదు. క్రాన్‌బ్రూక్ వారితో సంబంధం ఉన్న అగస్టస్ ఎడ్విన్ మల్‌రెడీ ఇలాంటి పిల్లలనే తన వస్తువు చేసుకున్నాడు. 1873 నాటి 'రిమెంబరింగ్ జాయ్స్ దట్ హావ్ పాస్డ్ అవే'లో మంచు పడ్డ వీధిలో ఇద్దరు పేదపిల్లలు గోడ మీద చిరిగిన పాంటొమైమ్ పోస్టర్లను చూస్తూ నిలబడ్డారు. పండగ నాటకాల రోజులు అయిపోయాయి. లండన్‌లోని గిల్డ్‌హాల్ ఆర్ట్ గ్యాలరీలో ఉన్న ఈ చిత్రంలో ఆట అంటే కాగితం మీది బొమ్మే.

ఈ జాలి ధోరణి చిత్రకారిణి డొరతీ టెనంట్‌కు నచ్చలేదు. వీధి పిల్లలను ఎప్పుడూ పాలిపోయి ఏడుస్తున్నట్టు గీయడం అబద్ధమని ఆమె వాదించింది. 1890లో వచ్చిన తన 'లండన్ స్ట్రీట్ అరబ్స్' పుస్తకంలోనూ, అదే ఏటి 'స్ట్రీట్ అరబ్స్ ఎట్ ప్లే' చిత్రంలోనూ చిరుగు బట్టల పిల్లలను కమ్మీల మీద తలకిందులుగా వేళ్లాడుతూ కేరింతలు కొడుతున్నట్టు చూపించింది. ఆఫ్రికా యాత్రికుడు హెన్రీ స్టాన్లీని ఆమె పెళ్లాడిందీ ఆ ఏడే. పేదరికాన్ని ఇలా హుషారుగా చూపడం కూడా మరో రకం తీపి పూతేనన్న విమర్శ తర్వాత వచ్చింది.

రంగుల అచ్చు, సబ్బు

1880లు వచ్చేసరికి వెబ్‌స్టర్ తరహా కథాచిత్రాల స్థానంలో ఒంటరి పిల్ల బొమ్మలు వచ్చాయి. జాన్ ఎవరెట్ మిలే 1879లో గీసిన 'చెర్రీ రైప్'ను 'ది గ్రాఫిక్' పత్రిక 1880 క్రిస్మస్ సంచికతో రంగుల్లో అచ్చువేసి ఇస్తే దాదాపు 6 లక్షల ప్రతులు పోయాయి. ఇంకా కావాలన్నవాళ్లకు అందించలేకపోయారు. మరోవైపు కేట్ గ్రీనవే 1879లో 'అండర్ ది విండో' పుస్తకం తెచ్చి పిల్లలకు పాతకాలపు గౌనులు, టోపీలు తొడిగింది. ఆమె 1889లో ఆటల మీదే ఒక పుస్తకం వేసింది. అందులోని పిల్లలు గోలీలాడినా, బొంగరం తిప్పినా బట్టలు మాసిపోవు.

మిలే 1886లో తన మనవడు విల్లీ జేమ్స్‌ను కూర్చోబెట్టి 'ఎ చైల్డ్స్ వరల్డ్' వేశాడు. ఆకుపచ్చ మఖ్‌మల్ సూటులో ఉన్న పసివాడు గొట్టంతో ఊదిన సబ్బు బుడగ పైకి పోతుంటే తలెత్తి చూస్తున్నాడు. బుడగలోని రంగులు నిలకడగా చూసి గీయడానికి మిలే గాజుగోళం ఒకటి చేయించుకున్నాడు. బుడగ ఊదే పిల్లవాడు డచ్చి చిత్రకళలో క్షణికమైన బతుకుకు పాత సంకేతం. 'ఇలస్ట్రేటెడ్ లండన్ న్యూస్' యజమాని విలియం ఇంగ్రామ్ ఆ చిత్రాన్ని కొన్నాడు. ఆయన దగ్గర్నుంచి పియర్స్ సబ్బు కంపెనీ తరఫున థామస్ బారట్ 2,200 పౌండ్లకు హక్కులతో సహా తీసుకుని, కింద ఒక సబ్బు బిళ్ల చేర్చి ప్రకటనగా వేశాడు. చిత్రానికి 'బబుల్స్' అన్న పేరు స్థిరపడింది.

హక్కులు అమ్ముడయ్యాక ఆపే మార్గం మిలేకు లేకపోయింది. నవలా రచయిత్రి మేరీ కొరెల్లి 1895లో తన నవలలో ఆయన సబ్బు కోసం కుంచె పట్టాడన్నట్టు రాస్తే, తాను ప్రకటన కోసం వేయలేదని ఆయన తెలియజేయాల్సి వచ్చింది. ఫ్రిత్‌కూ ఇలాగే జరిగింది. తెల్లటి గౌను చూపించి మురిసిపోతున్న పాప చిత్రం 'ది న్యూ ఫ్రాక్'ను 1889లో సబ్బు వ్యాపారి విలియం లీవర్ కొని, 'సో క్లీన్' అన్న పేరు పెట్టి సన్‌లైట్ సబ్బు ప్రకటన చేసేశాడు. ఫ్రిత్ మండిపడ్డాడు. విల్లీ జేమ్స్ మాత్రం పెరిగి పెద్దయి బ్రిటిష్ నౌకాదళంలో అడ్మిరల్ అయ్యాడు, 'బబుల్స్' అన్న ముద్దుపేరు చివరిదాకా వదల్లేదు.

పతనం, పునరావిష్కరణ

చిత్రం కథ చెప్పకూడదు, రంగు రేఖల అమరికే దాని ప్రాణం అనే వాదం ఇరవయ్యో శతాబ్దం మొదట్లో బలపడింది. ఆటల చిత్రాలు 'తీపి ఎక్కువైన' సరుకుగా మ్యూజియం గోదాముల్లోకి పోయాయి. అర్ధ శతాబ్దం గడిచాక వాటిని దుమ్ము దులిపి బయటికి తీసినవారిలో కళా విమర్శకులతోపాటు బాల్య చరిత్ర పరిశోధకులు, దుస్తుల చరిత్రకారులు ఉన్నారు. తొట్టి ఎంత లోతు, కుర్రాడి చొక్కాకు మాసిక ఎక్కడ, బొమ్మ పడవ దేనితో చేశారు వంటి ప్రశ్నలకు హార్డీ, వెబ్‌స్టర్‌ల పటాల్లో జవాబులు దొరుకుతాయి. అయితే ఈ సాక్ష్యాన్ని సరిచూసుకునే వాడాలి. క్రాన్‌బ్రూక్ వాళ్లు గీసిన వంటిళ్లు కావాలని పాతవిగా, శుభ్రంగా ఉంచినవి. ఊరి చుట్టూ ఉన్న హాప్ తోటల్లో కోతల కాలంలో పిల్లలు చేసే పని వాటిలోకి పెద్దగా రాలేదు.

క్రాన్‌బ్రూక్ బృందం చిత్రాల పెద్ద సేకరణ వుల్వర్‌హాంప్టన్ ఆర్ట్ గ్యాలరీలో ఉంది. 1977లో ఆ గ్యాలరీ జరిపిన ప్రదర్శన ఈ చిత్రకారుల మీద ఆసక్తిని తిరిగి లేపింది. 'ది యంగ్ ఫొటోగ్రాఫర్స్' టన్‌బ్రిడ్జ్ వెల్స్‌లోని ఆష్టన్ సేకరణలో, 'ది బాయ్ విత్ మెనీ ఫ్రెండ్స్' బరీ పట్టణ మ్యూజియంలో, 'స్ట్రీట్ అరబ్స్ ఎట్ ప్లే' పోర్ట్ సన్‌లైట్‌లోని లేడీ లీవర్ గ్యాలరీలో ఉన్నాయి. 'ప్లేయింగ్ ఎట్ డాక్టర్స్' 1886లో జాషువా డిక్సన్ వీలునామా ద్వారా తూర్పు లండన్‌లోని బెత్నల్ గ్రీన్ మ్యూజియానికి దక్కింది. ఆ భవనం 1974లో బాల్యానికి అంకితమైన మ్యూజియంగా మారింది, 2023లో 'యంగ్ వీ అండ్ ఏ' పేరుతో పిల్లలు ఆడుకుంటూ చూసే ప్రదర్శనశాలగా మళ్లీ తెరుచుకుంది, 2024లో బ్రిటన్‌లో ఆ ఏటి ఉత్తమ మ్యూజియం పురస్కారం అందుకుంది.